ఆ అభ్యంతర పత్రం రాసింది నేనే

మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున కార్పొరేషన్‌కి వెళ్ళిన అభ్యంతర పత్రం రాసింది నేనే. రెండు పేజీలు, పదకొండు పాయింట్లు, కింద నూట యాభైకి పైగా సంతకాలు. తెలుగులో రాశాను, ఇంగ్లిష్‌లోకి కూడా నేనే మార్చాను. సంఘం కార్యదర్శి చదివి, "ఎంతైనా రాసేవాళ్ళ చెయ్యి వేరు సార్" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయిన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది. కథ రాస్తే ఇరవై మంది చదవడం గగనం. ఈ రెండు పేజీలు చదివి ఒక ఆఫీసు తన ప్రతిపాదననే వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళలో నేను రాసిన వాటిల్లో ఇంత పని చేసింది ఇంకోటి లేదు.

అది అడ్డుకున్నది మునిసిపాలిటీ బళ్ళ షెడ్డుని. ఇప్పుడా షెడ్డు ఊరి చివర, శ్మశానం దాటాక, పెద్దకాలవ ఒడ్డున లేస్తోంది. పక్కనే ఒక బస్తీ ఉంది. అక్కడ అభ్యంతర పత్రం రాసిపెట్టేవాళ్ళు ఎవరూ దొరకలేదు. దొరికినా దాన్ని చదివేవాళ్ళు ఉండేవారా అన్నది ఇంకో ప్రశ్న.

ఊరి పేరు రాయను. రాస్తే "ఓహో, ఆ ఊళ్ళోనా" అనుకుని మీరు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. తెలంగాణలో కార్పొరేషన్ ఉన్న ఊరు, అంతే. కాలనీ కూడా మీరుండే లాంటిదే: గేటెడ్ కాదు, కానీ గేటు పెట్టాలన్న తీర్మానం ఏటా వస్తుంటుంది. మాకో కమ్యూనిటీ హాలు, హాల్లో చిన్న గ్రంథాలయం ఉన్నాయి. సెప్టెంబర్ 28న అక్కడ జాషువా జయంతి కూడా చేస్తాం. అభ్యంతర పత్రం మీద సంతకాలు చేసింది ఆ హాల్లోనే, ఆ బల్ల మీదే.

*

ముందు షెడ్డు సంగతి. కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఎకరం చిల్లర ఖాళీ జాగా ఉంది. కార్పొరేషన్‌దే. పాతికేళ్ళుగా అందులో ఉన్నవి సర్కారు తుమ్మ, కూలగొట్టిన ఇళ్ళ మట్టి, వినాయక చవితికి పందిరి, ఆదివారాలు క్రికెట్. అక్కడ వాహనాల నిర్వహణ షెడ్డు కడతామని కార్పొరేషన్ నోటీసు ఇచ్చింది. చెత్త ఆటోలు, ట్రాక్టర్లు, నీళ్ళ ట్యాంకర్లు, ఒక జేసీబీ, వీధి దీపాలు మార్చే లిఫ్టు బండి, మురుగు లైన్లు సాఫు చేసే జెట్టింగ్ మిషన్ రాత్రిళ్ళు నిలపడానికీ, కడగడానికీ, రిపేర్లు చేయడానికీ ఒక చోటు. చెత్త అక్కడికి రాదు, దించేసిన బళ్ళే వస్తాయి. ఈ ముక్క నోటీసులోనే ఉంది. నేను చదివాను. చదివి కూడా నా పత్రంలో రెండో పాయింటుని "చెత్త దుర్గంధం వల్ల" అని మొదలుపెట్టాను.

నోటీసంటే వార్డు ఆఫీసు గోడకి అంటించిన ఒక కాగితం. సర్వే నంబరు, చదరపు గజాలు, స్థల వినియోగ మార్పిడి. చివర్లో మనందరికీ తెలిసిన ఆ భాష: ఎవరికైనను అభ్యంతరములు, సలహాలు ఉన్నచో పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. ఈ రెండు మాటలూ ఊరికే పడ్డవి కావు. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 12వ సెక్షన్‌లోనూ ప్లాన్ మార్చాలంటే జనం నుంచి అభ్యంతరాలూ సలహాలూ పిలవాలనే ఉంది. రెండూ. మేం మొదటి మాట దగ్గరే ఆగిపోయాం. పదకొండు పాయింట్లలో ఒక్క సలహా లేదు.

"నక్షా కార్యాలయములో చూడవచ్చును" అని కూడా నోటీసులో ఉంది. నేను చూశాను, పత్రం ఇచ్చిన నెలన్నర తర్వాత. అప్పటికి షెడ్డు మా దగ్గర్నుంచి తప్పిపోయింది. వేరే పని మీద వెళ్ళి, ఇంజినీరు గదిలో ఖాళీగా కూర్చుని, బల్ల మీదున్న నక్షా అడిగి చూశాను. బళ్ళు నిలిపే చోటు, కడిగే దిమ్మ, స్టోరు గది. ఒక మూల మూడు చిన్న గళ్ళు. హాజరు గది. మహిళా సిబ్బంది విశ్రాంతి గది. మరుగుదొడ్లు, స్నానాల గదులు.

మా వార్డు రోడ్లు ఊడ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. పొద్దున్నే అయిదింటికి హాజరు. వాళ్ళు కూర్చోవడానికి ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఒక గది లేదు. మొదటిసారి ఒక గది కాగితం మీదకి వచ్చింది. దాన్ని పదకొండు పాయింట్లతో నేను కొట్టేశాను.

*

సాహిత్య పత్రిక కాబట్టి ఆ పత్రాన్ని పాఠంలాగే చదువుదాం. పక్కవాడి కవిత్వంలో కులం ఎక్కడ దాక్కుందో ఇట్టే పట్టేస్తాం కదా. నా వచనంలో వెతికితే ఇవి దొరికాయి.

"కుటుంబాలు నివసించే ప్రాంతం." ఇది మొదటి వాక్యంలోనే ఉంది. అంటే షెడ్డులో పని చేసేవాళ్ళకి కుటుంబాలు ఉండవన్నమాట. పెద్దకాలవ ఒడ్డున రేకుల ఇళ్ళల్లో ఉన్నవాళ్ళవి కుటుంబాలు కావు, జనాభా.

"బయటి వ్యక్తుల రాకపోకలు పెరుగుతాయి." బయటి వ్యక్తులు ఎవరు? మా వీధి ఊడ్చే ఆమె పన్నెండేళ్ళుగా రోజూ వస్తోంది. మూడో నంబరు ఇంట్లో అద్దెకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చి మూడు నెలలు. ఆయన సంతకం పెట్టాడు, ఆమె బయటి వ్యక్తి అయింది.

"స్త్రీల భద్రత." దీనికి చాలామంది తలూపారు. షెడ్డుకి వచ్చేవాళ్ళలో సగానికి పైన ఆడవాళ్ళేనన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి చీకట్లో ఒంటరిగా నడిచి వచ్చే ఆడమనిషి భద్రత ఆ వాక్యంలో లేదు.

"కాలనీ సాంస్కృతిక వాతావరణం." ఇది మరీ సిగ్గుచేటు. ఇది నా సొంత చేర్పు, ఎవరూ అడగలేదు. గ్రంథాలయం ఉంది, సాహిత్య సభలు జరుగుతాయి అని రాశాను. జాషువా జయంతి పేరు ఎత్తలేదు. అంత మాత్రం బుద్ధి మిగిలింది.

చూశారా, ఎక్కడా ఒక్క కులం పేరు లేదు. నేను పెరిగిన ఊళ్ళో మా తాత తరం వాళ్ళయితే ఇదే మాట మొహం మీద అనేవాళ్ళు, ఆ పేరు పెట్టే. మనం చదువుకున్నాం కాబట్టి పర్యావరణం, ప్రశాంతత, ట్రాఫిక్, భద్రత అంటాం. నగరం మనకి ఇచ్చిన పదజాలం ఇది. ఈ పదాలతో ఎవర్నైనా ఊరి బయటికి పంపొచ్చు, చేతికి మట్టి అంటదు.

అయితే పత్రంలో నిజాలు లేవా? ఉన్నాయి. పదకొండులో మూడు. బళ్ళు కడిగిన నీళ్ళలో డీజిలూ గ్రీజూ ఉంటాయి, అవి నేరుగా వానకాలవలోకి పోతే కింద చెరువు నాశనమవుతుంది. నాలుగింటికి బళ్ళు వెనక్కి తీసేటప్పుడు వచ్చే పీ-పీ మోత నిద్ర చెడగొడుతుంది. జాగాకి ఉన్న ఒకే దారి స్కూలు ముందునుంచి పోతుంది. మూడూ నిజమే, మూడింటికీ మందు ఉంది. నూనె వేరు చేసే తొట్టి కట్టి, ఆ నీళ్ళు మురుగు లైన్లో కలపమనొచ్చు. కాలనీ వైపు ఎత్తు గోడ, చెట్ల వరస అడగొచ్చు. మెయిన్ రోడ్డు వైపే గేటు పెట్టమనొచ్చు. నేనా మాట అన్నాను కూడా. కార్యదర్శి నవ్వి, "తొట్టి కట్టమని అడిగితే షెడ్డుకి ఒప్పుకున్నట్టే కదా సార్" అన్నాడు. నేనూ నవ్వాను. తొట్టి పాయింటు తీసేశాను.

ఇప్పుడు పెద్దకాలవ ఒడ్డున కడుతున్న షెడ్డులో ఆ తొట్టి లేదు. అడిగినవాళ్ళు లేరు. కడిగిన నీళ్ళు పోయేది ఆ కాలవలోకే. మా పత్రంలో నాలుగో పాయింటు "పర్యావరణ పరిరక్షణ".

*

మీకొక ప్రశ్న. మీ ఊళ్ళో ఆర్టీసీ డిపో ఎక్కడుంది?

చాలా ఊళ్ళలో నడిబొడ్డునే ఉంటుంది. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన ఆ సంస్థ డిపోల చుట్టూ ఎన్నో కాలనీలు పెరిగాయి. డిపో అంటే ఏంటి? భారీ బళ్ళు నిలిపి, కడిగి, డీజిలు పోసి, గ్రీజు పెట్టి, టైర్లు మార్చే చోటు. తెల్లారగట్ల మొదటి సర్వీసుకి ఇంజన్లు వేడెక్కించే మోత ఉంటుంది, నల్లటి పొగ ఉంటుంది. మునిసిపాలిటీ షెడ్డు కంటే పదింతలు పెద్దది. మరి మన ప్లాట్ల ప్రకటనల్లో ఏమని వేసుకుంటాం? "బస్ డిపోకి కూతవేటు దూరంలో." అదొక సౌకర్యం. ధర పెంచే మాట.

రెండూ బళ్ళ షెడ్లే. రెండూ సర్కారువే. డీజిలు వాసనలో తేడా లేదు. తేడా ఏంటంటే ఒక బండి మనల్ని ఎక్కించుకుపోతుంది, ఇంకోటి మనం పారేసిందాన్ని ఎత్తుకుపోతుంది. ఇంటి విలువ పడిపోతుందని మేం భయపడ్డామే, ఆ పడిపోయేదానికి అసలు పేరు కంపు కాదు, మోత కాదు. అది మైల. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దానికి కాలమ్ ఉండదు గానీ ధర మాత్రం దాన్ని లెక్క కడుతుంది.

ఇంకో సంగతి. ఆ షెడ్డుకి రావాల్సిన బళ్ళలో జెట్టింగ్ మిషన్ ఒకటుందని చెప్పాను. నీళ్ళు ఒత్తిడితో కొట్టి మురుగు లైన్ సాఫు చేసే బండి. అది నడుస్తుంటే మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగక్కర్లేదు. అది మూలపడితే ఏం జరుగుతుందో పేపర్లలో మీరు చదువుతూనే ఉంటారు. 2013లో వచ్చిన చట్టం రక్షణ లేకుండా మురుగు లైన్లలోకి మనిషిని దింపడాన్ని నేరం చేసింది. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా. యంత్రం కొన్న రోజున రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటో వేస్తారు. యంత్రాన్ని నడిపించేది మాత్రం నీడా, నీళ్ళూ, స్పానర్లూ, మెకానిక్కూ ఉన్న ఒక షెడ్డు. దానికి ఎవరూ ఫోటో దిగరు. ఆ షెడ్డుని అడ్డుకోవడమంటే యంత్రాన్ని ఎండకీ వానకీ వదిలేయడం. ఆ తర్వాత తాడు కట్టుకుని దిగేది ఎవరో చెప్పక్కర్లేదు.

కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే వచ్చినప్పుడు మా కాలనీ గ్రూపులో "మనవాడే" అని పోస్టులు పడ్డాయి. నేనూ పెట్టాను. పెట్టిన వేళ్ళే పదకొండు పాయింట్లు టైపు చేశాయి.

*

పత్రం ఇచ్చాక ఒక మీటింగ్ పెట్టారు. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. వార్డు ఆఫీసులో పావుగంట. మావాళ్ళు ముప్పై మంది దాకా వెళ్ళాం, అటువైపు ఒక ఇంజినీరు, ఇద్దరు సిబ్బంది. ఇంజినీరు వయసులో చిన్నవాడు. అంతా విని, "సరే సార్, ఇక్కడ కాకపోతే ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. మావాళ్ళలో ఒకరు వెంటనే, "ఊరి బయట ఎక్కడైనా పెట్టుకోండి" అన్నారు. అందరూ అవునవునన్నారు.

ఊరి బయట. ఈ మాట మన భాషలో దిక్కు చెప్పే మాట కాదు, దీనికి చిరునామా ఉంది. ఊరూ వాడా అని జంటగా అంటాం గానీ వాడ ఊళ్ళో ఉండదు. ఉన్నవ లక్ష్మీనారాయణ నవలకి మాలపల్లి అని పేరు పెడితే అది ఎక్కడుందని ఎవరూ అడగలేదు. గబ్బిలంలో జాషువా నాయకుడు తన గోడు శివుడికి చెప్పుకోడానికి గబ్బిలాన్ని పంపాడు, ఎందుకంటే గబ్బిలం గుడిలోకి పోగలదు, అతను పోలేడు. 1941లో వచ్చిన కావ్యం అది. ఇవన్నీ మాకు తెలుసు, మా హాల్లో వీటి మీద ప్రసంగాలు అయ్యాయి. ఇంజినీరు ప్రశ్నకి మా నోట్లోంచి వచ్చిన జవాబు మాత్రం పాతదే.

పెద్ద ఊళ్ళు ఇదే పని పెద్ద ఎత్తున చేశాయి. హైదరాబాద్ తన చెత్తని ఏళ్ళ తరబడి జవహర్‌నగర్‌లో పోసింది, మూడు వందల ఎకరాలకి పైన. ఆ గుట్ట నుంచి ఊరిన నల్లనీళ్ళు మల్కారం చెరువులోకి పోయాయి. చుట్టుపక్కల బోర్లలో రంగు నీళ్ళొస్తున్నాయని దమ్మాయిగూడ దాకా జనం ఎన్నిసార్లు రోడ్డెక్కారో. 2019లో జవహర్‌నగర్ వేరే కార్పొరేషన్ కూడా అయింది. అంటే అప్పట్లో చెత్త పంపింది ఒక ఊరు, దాని పక్కన బతికేవాళ్ళు ఓటేసింది ఇంకో ఊళ్ళో. విశాఖకి కాపులుప్పాడ ఉంది. బెజవాడకి చాలాకాలం అజిత్‌సింగ్‌నగర్ ఉండేది. మా షెడ్డు వీటి ముందు ఆవగింజ. కానీ లెక్క ఒకటే: వద్దనగలిగినవాళ్ళు వద్దన్న ప్రతిదీ, వద్దనలేనివాళ్ళ పక్కకి చేరుతుంది.

*

ఇక్కడిదాకా చదివినవాళ్ళలో కొందరికి ఒక అనుమానం రావాలి. "అయితే ఇక ఎవరూ అభ్యంతరం చెప్పకూడదా? అధికారులకి కావల్సింది అదే కదా." న్యాయమైన అనుమానమే.

నేను అడిగేది తక్కువ పరిశీలన కాదు, ఎక్కువ పరిశీలన. ఇప్పుడు జరుగుతున్నది పరిశీలనే కాదు. గోడ మీద కాగితం, పదిహేను రోజులు, పావుగంట మీటింగు. అరిచేవాళ్ళుంటే ఆగుతుంది, లేకపోతే కట్టేస్తారు. దీంట్లో ఆలోచన ఎక్కడుంది? 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పెద్ద చెత్త కేంద్రాలకైనా బహిరంగ విచారణ అంటూ ఒకటుంది. ఎకరం షెడ్డుకి అది వర్తించదు. చిన్న వాటికి వార్డు స్థాయిలో ఏదో ఒకటి ఉండాలి. రాజ్యాంగం ఆ మాట ఎప్పుడో చెప్పింది. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం అంటుంది. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ఇంకో అడుగు ముందుకేసి వార్డుకి నాలుగు కమిటీలు పెట్టమంది: యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. మా వార్డులో షెడ్డు నోటీసు వచ్చినప్పుడు వీటిల్లో ఒక్కటి కూర్చున్న దాఖలా లేదు. కూర్చున్నా ఏమయ్యేది? ప్రముఖులకి కమిటీ ఉంది. రోడ్డు ఊడ్చేవాళ్ళకి లేదు.

కాబట్టి అధికారులు కూడా నా పశ్చాత్తాపం చూసి సంబరపడక్కర్లేదు. మా పత్రంలో మూడు నిజాలుంటే వాటికి జవాబివ్వాల్సింది మీరు. ఎనిమిది అబద్ధాలుంటే వాటిని కొట్టేయాల్సింది కూడా మీరే. రెండూ చేయలేదు. సంతకాలు లెక్కపెట్టి ఫైలు మూసి, వేరే సర్వే నంబరు వెతికారు. పెద్దకాలవ ఒడ్డున ఏ గోడకి నోటీసు అంటించారో నేను అడిగితే ఒకాయన, "అక్కడ గోడల్లేవు సార్" అన్నాడు. జోకనుకున్నాడు.

నాకు తోచిన మార్గం చెప్తాను. పెద్ద సంస్కరణలేం కావు, ఒక కౌన్సిల్ తీర్మానంతో అయిపోయేవి. నోటీసుతో పాటు నక్షా కూడా బయట పెట్టాలి, మామూలు తెలుగులో. ఏయే జాగాలు చూశారు, ఏది ఎందుకు వద్దనుకున్నారు అన్నది అదే కాగితం మీద ఉండాలి. మీటింగుకి అక్కడ పనిచేయబోయేవాళ్ళని పిలవాలి, పని గంటల్లోనే, జీతం కోయకుండా. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఏం మారిస్తే ఒప్పుకుంటారో కూడా రాయాలి. ఏం మార్చినా ఒప్పుకోమంటే ఆ మాటే రాసి సంతకం పెట్టాలి. చివరగా, ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెడుతున్నప్పుడు ఆ రెండో చోటుకి కూడా అదే నోటీసు, అదే గడువు, అదే మీటింగు. మొదటి చోటు వాళ్ళు ఎందుకు వద్దన్నారో అక్కడ చదివి వినిపించాలి. ఈ ఆఖరిదొక్కటి ఉన్నా నేనా పత్రం రాసి ఉండేవాణ్ణి కాదు. "కుటుంబాలు నివసించే ప్రాంతం" అన్న నా వాక్యం కాలవ ఒడ్డున గట్టిగా చదువుతారని తెలిస్తే చెయ్యి ఆడేది కాదు.

*

మా వీధి ఊడ్చే ఆమెని పోయిన నెల అడిగాను, కొత్త షెడ్డు ఎలా ఉందని. షెడ్డు ఇంకా పూర్తి కాలేదు, హాజరు మాత్రం అక్కడికి మార్చారు.

"ఏముంది సారూ, మస్టర్ ఆడ, పని ఈడ. పొద్దుగాల ఆటోకి ఇరవై పెట్టుకొని ఆడికి పోవాలె, మొకం చూపెట్టాలె, మల్ల ఇరవై పెట్టుకొని ఈడికి రావాలె. మొకం ఆ ఫోన్ల వడకపోతే ఆ రోజు పైసల్ కట్."

"గదులు కడుతున్నారు కదమ్మా అక్కడ, మీకు?"

"కడ్తె కట్టిన్రు. ఆడ కూసునేటోల్లెవరు? పని అయిదు గంటలకెల్లి ఈ గల్లీలల్లనే నాయె. ఒక్కటికొస్తె ఏడికి పోవాలె? అందుకే పొద్దుగాల నీల్లు తాగం. పదకొండు గొట్టినంక ఇంటికి వొయ్యి తాగుతం." అని చీపురు తట్టి, మెల్లగా, "గీ ఖాళీ జాగలనే కడ్తరనిరి. మీ కాలనోల్లు వద్దన్నరంట గద సారూ" అంది.

కోపంగా అనలేదు. వాన పడలేదంట గద అన్నట్టు అంది. ఆ పత్రం రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. మంచినీళ్ళు తాగుతావా అమ్మా అని అడగబోయాను. నీళ్ళెందుకు తాగదో అప్పుడే కదా చెప్పింది.

అందుకని రెండో పత్రం రాశాను, ఈసారి సలహా. షెడ్డు ఎలాగూ పోయింది. ఆ ఖాళీ జాగాలో ఒక మూల హాజరు గదీ, విశ్రాంతి గదీ, మరుగుదొడ్లూ కట్టమని కార్పొరేషన్‌కి. అవి కట్టేదాకా మా కమ్యూనిటీ హాలు వెనక గది, దాని బాత్రూమూ పొద్దున అయిదు నుంచి పదకొండు దాకా తెరిచి ఉంచమని సంఘానికి. కాలవ ఒడ్డు షెడ్డుకి నూనె తొట్టి కట్టమని ఇంకో ముక్క. పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నాలుగు సంతకాలు వచ్చాయి. అందులో ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. మూడో నంబరు ఇంటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు పెట్టాడు, ఇంకొకరు పేరు బయట పెట్టొద్దన్నారు. కార్యదర్శి మర్యాదగానే చెప్పాడు. "హాల్లో పెళ్ళిళ్ళవీ అవుతుంటాయి సార్, బాగోదు." ఏం బాగోదో అడిగాను. "మీకు తెలీందేముంది" అన్నాడు.

నిజమే, నాకు తెలీందేమీ లేదు. మీకూ లేదు. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో రేపో ఎల్లుండో ఇలాంటి నోటీసు ఫోటో పడుతుంది. షెడ్డో, చెత్త బదిలీ కేంద్రమో, నైట్ షెల్టరో. "రాయడం వచ్చిన మీరే ఒక డ్రాఫ్ట్ చేయండి" అంటారు, ఎందుకంటే గ్రూపులో పుస్తకాలు చదివేది మీరే. రాయండి, వద్దనను. కానీ ముందు ఆఫీసుకి పోయి నక్షా చూడండి, మూలనున్న చిన్న గళ్ళతో సహా. రెండో మాట కూడా వాడండి. వద్దనే ముందు, అది ఎవరి ఇంటి పక్కకి పోతుందో ఆ వీధి పేరు కనుక్కుని పత్రంలో రాయండి.

మా హాల్లో ఈ ఏడు జాషువా జయంతికి ప్రసంగించమని నన్నే పిలిచారు. ఒప్పుకున్నాను. కావ్యం మీద ఏమీ మాట్లాడను. నా మొదటి పత్రం కాపీ ఉంది, పదకొండు పాయింట్లూ వరసగా చదువుతాను, కింద సంతకాల దాకా. ఆ పొద్దున హాలు వెనక గది తాళం మాత్రం నా దగ్గర పెట్టుకుంటాను. గ్రంథాలయం బాధ్యుడిగా ఒక చెవి నాకు ఇచ్చారు, ఇన్నాళ్ళూ దాన్ని పుస్తకాల బీరువా తీయడానికే వాడాను.